కంపెనీ లీగల్ టీమ్‌లో సొలిసిటర్ అప్రెంటిస్‌ని. కోర్టు గడప తొక్కకుండానే లాయర్‌ని అయిపోతానా?

తెనాలి_టు_లీడ్స్
మూడో ఏడు నడుస్తోంది. లీడ్స్‌లో ఒక పెద్ద కంపెనీ లీగల్ టీమ్‌లో ఉన్నాను. తెలియనివారి కోసం: ఇంగ్లండ్‌లో ఇంటర్‌కు సమానమైన చదువు అయ్యాక యూనివర్సిటీకి వెళ్లకుండా నేరుగా ఉద్యోగంలో చేరి, జీతం తీసుకుంటూనే ఎల్‌ఎల్‌బీ చదివి, ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలు రాసి సొలిసిటర్ అయ్యే దారి ఇది. 2016 నుంచి ఉంది. మొత్తం ఆరేళ్లు. ఫీజులో నా జేబు నుంచి ఒక్క పౌండు కూడా పోదు.

నా గోడు రెండు ముక్కలు. మొదటిది, శుక్రవారం నా చదువు రోజు. కాగితం మీద మాత్రమే. గురువారం సాయంత్రం ఎవరో ఒకరు "చిన్న ఎన్‌డీఏ, అయిదు నిమిషాల పని" అంటూ పంపుతారు. ఎన్‌డీఏ అంటే గోప్యతా ఒప్పందం. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ అయిదు నిమిషాలు పూర్తవుతాయి.

రెండోది అసలు భయం. ఎన్‌డీఏలు నాలుగు వందలు దాటాక లెక్కపెట్టడం మానేశాను. కోర్టును బయటి నుంచి తప్ప చూడలేదు. చివరి పరీక్ష ఎస్‌క్యూఈ2లోనేమో జడ్జి ముందు నిలబడి వాదించాలి, అందులో క్రిమినల్ కేసు ఒకటి. నిందితుడికి బెయిలు ఇప్పించమంటే నేనేమని అడగను? "గోప్యతా కాలపరిమితిని అయిదేళ్లకు తగ్గించండి" అనా?

లా సంస్థలో చేరిన నా స్నేహితురాలిని ఆరు నెలలకొక విభాగానికి మారుస్తున్నారు. నేనూ అటు మారనా, ఇక్కడే ఉండనా?

ఆవకాయ_అన్నం
నీకు బెయిలు వచ్చేస్తుందమ్మా. ఆ ఎన్‌డీఏ సంగతులు ఎవరికీ చెప్పనని నిందితుడి చేత సంతకం పెట్టించు చాలు.

ఐదో_ఏడు
నేను మాంచెస్టర్‌లో ఒక లా సంస్థలో ఇదే అప్రెంటిస్‌షిప్ అయిదో ఏడు చేస్తున్నాను. సూటిగా చెబుతాను, వీలైతే మారిపో. నేను ఆస్తి లావాదేవీలు, ఉద్యోగ వివాదాలు, కోర్టు వ్యాజ్యాలు, కంపెనీల కొనుగోళ్లు నాలుగూ చూశాను. వ్యాజ్యాల విభాగంలో ఉన్నప్పుడు కౌంటీ కోర్టుకు ఫైళ్లు మోసుకుని వెళ్లాను, వెనక కూర్చుని రాసుకున్నాను. కంపెనీలో ఉంటే ఒకే క్లయింటు, ఒకే రకం కాగితం. చదువు పూర్తయ్యాక లా సంస్థకు వద్దామంటే "మీకు కాంట్రాక్టులు తప్ప ఏమి తెలుసు" అంటారు.

రెడ్_ఇంకు
పదకొండేళ్లుగా కంపెనీల్లోనే సొలిసిటర్‌ని, అంతకుముందు నాలుగేళ్లు లా సంస్థలో. ఐదో_ఏడు గారి మాటలో సగం ఒప్పుకుంటాను.

మిగతా సగం గురించి. ఎన్‌డీఏ చిన్న పని అన్నది దాన్ని చిన్న పనిగా చేసేవారి మాట. మొన్న మా దగ్గరికి ఒకటి వచ్చింది. మార్కెటింగ్ వాళ్లు ఒక విశ్లేషణ సంస్థతో మాట్లాడాలట, రెండు గంటలకు మీటింగ్, ఒంటిగంటకు కాగితం పంపారు. మా అప్రెంటిస్ కుర్రవాడు క్లాజులన్నీ శ్రద్ధగా దిద్దాడు. ఇప్పటికే అందరికీ తెలిసిన సమాచారానికి మినహాయింపు పెట్టాడు. "ప్రతులన్నీ నాశనం చేయాలి" అన్నచోట, బ్యాకప్‌లో తనంతట తాను నిలిచిపోయేవాటిని వదిలేశాడు. పని బాగుంది. నేను ఒక్కటే అడిగాను, "ఇంతకీ వాళ్లకు ఏమి ఇవ్వబోతున్నారు?" కుర్రవాడు ఫోను చేసి కనుక్కున్నాడు. ఇచ్చేది కస్టమర్ల పేర్లు, ఈమెయిళ్లు, కొనుగోళ్ల వివరాలు! దానికి ఎన్‌డీఏ ఎంత గొప్పగా రాసినా సరిపోదు. మన తరఫున వ్యక్తిగత డేటా చూసేవారితో డేటా రక్షణ చట్టమైన యూకే జీడీపీఆర్ 28వ అధికరణం ప్రకారం వేరే ఒప్పందం ఉండి తీరాలి. రెండు గంటల మీటింగ్ ఆగింది. మార్కెటింగ్ మేనేజర్ ముఖం చూడాల్సింది.

ఆ ప్రశ్న అడగడం లా సంస్థలో అంత తొందరగా రాదు. అక్కడికి క్లయింటు ప్రశ్న తయారుచేసుకుని వస్తాడు. కంపెనీలో అసలు ప్రశ్న ఏమిటో మనమే వెతుక్కోవాలి.

తెనాలి_టు_లీడ్స్
రెడ్_ఇంకు గారూ, మీ కుర్రవాడు అదృష్టవంతుడు, పక్కన కూర్చుని అడిగేవారు ఉన్నారు. నా సంగతి వినండి.

మొదటి ఏడాది ఒక సరఫరాదారుతో కాంట్రాక్టు. బాధ్యత పరిమితి క్లాజు పక్కన మార్జిన్‌లో మా సీనియర్ కోసం ఒక వ్యాఖ్య రాశాను: "వీళ్లు మొదట గొణుగుతారు, తర్వాత ఎలాగూ ఒప్పుకుంటారు." ఫైలు పంపేటప్పుడు వ్యాఖ్యలు తీసేసిన ప్రతికి బదులు ఆ ప్రతే వెళ్లిపోయింది. మర్నాడు అవతలి లాయరు నుంచి జవాబు వచ్చింది, అన్ని క్లాజుల మీదా మర్యాదగా స్పందన. చివర ఒక్క వాక్యం: "మీ మూడో వ్యాఖ్య విషయమై, మా క్లయింటు గొణగడం ఇంకా పూర్తి కాలేదు."

మూడు రోజులు అన్నం సహించలేదు.

ఆవకాయ_అన్నం
ఈ వేదికలో ఇంతవరకు నేను చదివిన వాటిలో మేటి వాక్యం ఇదే. "గొణగడం ఇంకా పూర్తి కాలేదు". మా ఇంట్లో రోజూ వాడుకుంటాను.

ఐదో_ఏడు
అలాంటిది ప్రతివారికీ ఒకటి ఉంటుంది. నాది చెప్పను.

నాంపల్లి_నల్లకోటు
హైదరాబాదు నుంచి. మీ చర్చ చూస్తుంటే వింతగా ఉంది. కోర్టు చూడకుండా లాయరు కావడమా? మా దగ్గర జూనియర్ అంటే మొదటి ఆరు నెలలు నాంపల్లిలో వాయిదాలు రాసుకోవడం, మెట్ల మీద సీనియర్ వెనక పరుగెత్తడం. జీతం సంగతి అడగవద్దు, కొందరికి పెట్రోలు డబ్బులే జీతం. జీతం ఇస్తూ ఫీజు కట్టి చదివిస్తున్నారంటే అమ్మాయి ఫిర్యాదు చేయవలసిన పని లేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఇక్కడ అడ్వకేటు ఒక కంపెనీలో పూర్తికాల జీతానికి చేరితే బార్ కౌన్సిల్ నిబంధనల్లోని 49వ నియమం ప్రకారం ప్రాక్టీసు ఆపి, సనదు (లాయరు లైసెన్సు) పక్కన పెట్టాలి. సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ చెప్పింది కదా, కంపెనీలో గడిపిన ఏళ్లు ఆ ప్రాక్టీసు కింద లెక్కకు రావు. మీ దేశంలో కంపెనీలో కూర్చున్నా సొలిసిటర్ సొలిసిటరే. అది చిన్న విషయం కాదు.

రెడ్_ఇంకు
నల్లకోటు గారు చెప్పిన తేడా నిజం. ఇక్కడ కంపెనీలో పనిచేసే సొలిసిటర్‌కూ అదే లైసెన్సు, సొలిసిటర్లను నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ పెట్టిన అదే నియమావళి. జీతం ఇచ్చేవాడే క్లయింటు కావడంతో వచ్చే చిక్కు వేరు. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లెక్కలతో అమాయక పోస్ట్‌మాస్టర్ల మీద కేసులు పెట్టిన ఇక్కడి పోస్టాఫీసు వ్యవహారంపై జరిగిన విచారణలో ఆ సంస్థ సొంత లాయర్లు కూడా బోనెక్కి జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. మీ మేనేజర్ "ఇది ఈమెయిల్‌లో రాయవద్దు" అన్నప్పుడు ఏమి చేయాలో ఏ పరీక్షా నేర్పదు. అప్రెంటిస్‌గానే అది చూస్తారు.

అయితే "ఫిర్యాదు చేయవలసిన పని లేదు" అన్నదానితో ఏకీభవించను. పెట్రోలు డబ్బులతో బతకడం గొప్పేమీ కాదు కదా సార్.

నాంపల్లి_నల్లకోటు
గొప్ప అనలేదు. ఉన్నది చెప్పాను.

రీడింగ్_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి పదిహేడు. యూనివర్సిటీ వద్దు, ఇదే చేస్తానంటోంది. మా అత్తగారు రాజమండ్రి నుంచి ఫోనులో ఏడుపు ఒక్కటే తక్కువ: "అప్రెంటిస్ ఏమిటే, రైల్వే వర్క్‌షాపులో స్పానర్ పట్టుకునేవాళ్లను అంటారు." పిల్లకు డిగ్రీ వస్తుందా, రాదా? పెళ్లి సంబంధాల వాళ్లకు ఏమి చెప్పాలి?

తెనాలి_టు_లీడ్స్
మా పెద్దమ్మదీ అదే మాట ఆంటీ. ఆరేళ్ల దారిలో చాలామందికి ఎల్‌ఎల్‌బీ కలిసే వస్తుంది, చేరేముందు ఆ శిక్షణ సంస్థను అడిగి చూసుకోండి. నాకు వస్తుంది. యూనివర్సిటీలో 2025-26కు 9,535 పౌండ్లు కట్టిన నా స్నేహితులకూ నాకూ తేడా అప్పులోనే తెలుస్తుంది. అయితే సెలవులు ఉండవు. వాళ్లు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఊళ్లు తిరుగుతుంటే నేను ట్రస్టుల చట్టం చదువుతూ ఆఫీసులో ఉంటాను. అది ముందే చెప్పండి పాపకు.

ఐదో_ఏడు
రీడింగ్_అమ్మ గారూ, వయసు సంగతి కూడా చూసుకోండి. 2026 జనవరి నుంచి ఇలాంటి ఏడో స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకు లెవీ డబ్బు (పెద్ద కంపెనీలు కట్టే శిక్షణ పన్ను నుంచి వచ్చేది) మొదలుపెట్టేనాటికి 22 నిండనివారికే. కొద్దిమందికి మినహాయింపులు ఉన్నాయి. మీ అమ్మాయికి ఇబ్బంది లేదు. డిగ్రీ అయ్యాక రెండేళ్ల దారిలో వద్దామనుకునేవారికే దెబ్బ, కంపెనీ సొంత డబ్బు పెడితే తప్ప.

కార్డిఫ్_ఎల్‌ఎల్‌ఎం
నేను విశాఖలో లా చదివి ఇక్కడ ఎల్‌ఎల్‌ఎంకు వచ్చాను. నాకు ఈ అప్రెంటిస్‌షిప్ దొరుకుతుందా?

రెడ్_ఇంకు
విద్యార్థి వీసా మీద దొరకదు. స్థిర నివాసం, వీసా షరతులు అడ్డు వస్తాయి. కానీ మీకు ఇది అవసరం కూడా లేదు. ఇండియాలో అడ్వకేటుగా నమోదై ఉంటే, అర్హత ఉన్న విదేశీ న్యాయవాదిగా నేరుగా ఎస్‌క్యూఈ రాయవచ్చు, రెండేళ్ల పని అనుభవం చూపించనక్కరలేదు. నమోదు కాకపోతే ఆ రెండేళ్ల అనుభవం కావాలి. దాన్ని నాలుగు చోట్ల వరకు పోగుచేసుకోవచ్చు, పారాలీగల్ (లాయర్ల కింద సహాయకుడి) పని కూడా లెక్కకు వస్తుంది. ఫీజులు మాత్రం ముందే చూసుకోండి. 2021లో మొదలైనప్పుడు రెండు పరీక్షలకూ కలిపి 3,980 పౌండ్లు ఉండేది, ఏటా పెరుగుతోంది. కోచింగ్ వేరు.

రెండోసారి_రాస్తున్నా
ఎవరూ ఎస్‌క్యూఈ1 గురించి మాట్లాడడం లేదు. రెండు రోజులు, రోజుకు 180 ప్రశ్నలు. ఒక్కో విడతలో 90 ప్రశ్నలకు రెండు గంటల ముప్ఫై మూడు నిమిషాలు, అంటే ప్రశ్నకు 102 సెకన్లు. అయిదు జవాబుల్లో మూడు నిజమే అనిపిస్తాయి. 2024 జనవరిలో 56 శాతం పాసయ్యారు, జులైలో 44. ఆరేళ్లలో మూడు ప్రయత్నాలే.

నేనూ కంపెనీలోనే పారాలీగల్‌ని. కాంట్రాక్టు చట్టం ప్రశ్నలు మంచినీళ్లలా తాగేశాను. తన్నింది వీలునామాలు, సొలిసిటర్ ఖాతాలు, భూమి చట్టం. భర్త వీలునామా రాయకుండా పోతే భార్యకు మొదట 3,22,000 పౌండ్లు, మిగిలినదాంట్లో సగం, తక్కిన సగం పిల్లలకు. ఇది నా ఉద్యోగంలో జన్మలో రాదు. పరీక్షలో మూడు రకాలుగా వచ్చింది. తెనాలి గారూ, బెయిలు గురించి భయం తర్వాత, ముందు ఇది చూడండి.

ఆవకాయ_అన్నం
ఆ 3,22,000 సంగతి మా ఆవిడకు తెలియనివ్వకండి.

రెండోసారి_రాస్తున్నా
సొత్తు అంత ఉంటే కదా మీకు భయం.

ఐదో_ఏడు
2024 జనవరి పరీక్ష రాసినవారిలో 175 మందికి ముందు ఫెయిలయ్యారని చెప్పి, ఏప్రిల్‌లో పొరపాటైంది, పాసయ్యారు అన్నారు. మార్కులను దగ్గరి అంకెకు సవరించడంలో తప్పు. నా తోటి అప్రెంటిస్ ఒకమ్మాయి ఆ రోజులన్నీ ఎలా గడిపిందో చూశాను. ఇంట్లో చెప్పుకోలేక, ఆఫీసులో దాచలేక.

రెడ్_ఇంకు
తెనాలి_టు_లీడ్స్, నీ అసలు ప్రశ్నకు వస్తాను. అమ్మాయివి కాబట్టి నువ్వు అంటున్నాను, కోపం తెచ్చుకోవద్దు.

శుక్రవారం సంగతి ముందు. అది నీ మేనేజర్ దయ కాదు. జీతమిచ్చే పనివేళల్లోనే శిక్షణ జరగాలి, జరిగినట్టు లెక్క ఉండాలి. ఆ లెక్క మీదే ప్రభుత్వ డబ్బు వస్తుంది. పన్నెండు వారాలకు ఒకసారి నువ్వు, మేనేజర్, శిక్షణ సంస్థ కోచ్ ముగ్గురూ కూర్చుంటారు కదా, ఆ సమీక్షలో "అంతా బాగుంది" అనకు. ఎన్ని శుక్రవారాలు పోయాయో తేదీలతో రాసుకుని వెళ్లు. గొడవ అక్కరలేదు, కాగితం చాలు. లాయరువి కదా.

కోర్టు సంగతి. ఎస్‌క్యూఈ2లో పదహారు అంచనాలు ఉంటే అందులో పన్నెండు రాతవి, నాలుగే మౌఖికం. ఆ నాలుగింటిలో రెండు క్లయింటుతో మాట్లాడడం, రెండు వాదన, ఒకటి సివిల్, ఒకటి క్రిమినల్. వాదనకు నలభై అయిదు నిమిషాలు సిద్ధమై పదిహేను నిమిషాలు మాట్లాడాలి. రెండేళ్లు కోర్టులో ఉంటేనే వస్తుందనుకోవద్దు. చూడాలి, గొంతెత్తి సాధన చేయాలి. మేజిస్ట్రేటు కోర్టులో ప్రజల గ్యాలరీ ఉంటుంది, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఒక చదువు రోజు ఉదయం వెళ్లు.

మూడోది, మీ కంపెనీకి బయట కేసులు చూసే లా సంస్థలు ఉంటాయి కదా. వాళ్లకు మీ కంపెనీయే పెద్ద క్లయింటు. "మూడు నెలలు మా అమ్మాయిని మీ వ్యాజ్యాల విభాగంలో కూర్చోబెట్టుకోండి" అని మీ హెడ్ అడిగితే కాదనరు. నాకు తెలిసి చాలా కంపెనీలు ఇలాగే చేస్తాయి.

మారడం గురించి: వేరే సంస్థ ఒప్పుకుంటే ఇదే అప్రెంటిస్‌షిప్‌ను అక్కడ కొనసాగించవచ్చు. పూర్తిగా వదిలేసి కొత్తగా మొదలుపెడతానని మాత్రం అనకు. ఐదో_ఏడు చెప్పిన వయసు నిబంధన నీకు అప్పుడు తగులుతుంది.

తెనాలి_టు_లీడ్స్
వచ్చే మార్చికి 22 నిండుతాయి. అది ఆలోచించలేదు.

మధ్యలో వెళ్లిపోతే కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలని మా టీమ్‌లో ఒకరు అన్నారు, అది నిజమా?

రెడ్_ఇంకు
అప్రెంటిస్ దగ్గర శిక్షణ ఖర్చు వసూలు చేయకూడదని నిధుల నిబంధనల్లోనే ఉంది. వెళ్లిపోయినా సరే. నీ ఒప్పందంలో అలాంటి క్లాజు ఉందేమో చదువుకో. నాలుగు వందల ఎన్‌డీఏలు చదివావు, నీ సొంత కాంట్రాక్టు చదివావా?

తెనాలి_టు_లీడ్స్
లేదు.

ఆవకాయ_అన్నం
గొణగడం పూర్తయింది.

ఐదో_ఏడు
నేను మొదట "మారిపో" అన్నాను. లా సంస్థలో మూడు నెలలు దొరికేటట్టయితే ఆ మాట వెనక్కి తీసుకుంటాను. దొరకకపోతే తీసుకోను.

తెనాలి_టు_లీడ్స్
అయిదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను.

రెండు వారాల కిందట లీడ్స్ మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లాను. గ్యాలరీలో నాతోపాటు ఒక ముసలాయన, కూతురి కోసం వచ్చినట్టున్న ఒక తల్లి. సొంత లాయరు లేనివారి తరఫున నిలబడే డ్యూటీ సొలిసిటర్ ఒకావిడ చేతిలో ఫైళ్ల కట్ట. గాజు తెర వెనకున్న కుర్రవాడి దగ్గరికి వెళ్లి, ఆ సందులోంచి ఏదో గుసగుసగా అడిగి, వచ్చి నిలబడింది. నేను పెద్ద ఉపన్యాసం వస్తుందనుకున్నాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్లీ కోర్టుకు రాడేమోనన్న భయానికి జవాబుగా అక్క ఇంటి చిరునామా ఇచ్చింది. మళ్లీ నేరం చేస్తాడేమోనంటే రాత్రి ఏడు నుంచి ఉదయం ఏడు దాకా ఇల్లు దాటకూడదని షరతు పెట్టమంది. సాక్షిని బెదిరిస్తాడేమోనంటే ఆ వీధిలో అడుగు పెట్టకూడదని ఇంకో షరతు. ప్రాసిక్యూటర్ అభ్యంతరం ఒక్కొక్కటికీ ఒక్కో షరతు, అంతే.

నాకు అక్కడే తట్టింది, ఇది నేను రోజూ చేసే పనే. అవతలివాడి భయం ఏమిటో కనిపెట్టి, దానికి సరిపడా క్లాజు రాయడం. ఇక్కడ అవతల కూర్చున్నది సరఫరాదారు కాదు, అంతే తేడా. అంత తేలిక కాదని తెలుసు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టింది.

సమీక్షలో తేదీలు పెట్టాను. పదకొండు శుక్రవారాలు. మేనేజర్ ఆ కాగితం వైపు చాలాసేపు చూశారు. కోచ్ ఏమీ అనకుండా రాసుకున్నారు. నా కాంట్రాక్టు కూడా చదివాను, ఫీజు క్లాజు లేదు. లా సంస్థలో మూడు నెలల సంగతి "అడుగుతాము" అన్నారు, ఇంకా జవాబు లేదు.

రెడ్_ఇంకు
"అడుగుతాము" అన్న తేదీ రాసుకున్నావా?

తెనాలి_టు_లీడ్స్
రాసుకున్నాను.

రీడింగ్_అమ్మ
మా పాప దరఖాస్తు పెట్టేసింది. రెండు కంపెనీలకు, మూడు లా సంస్థలకు. అత్తగారికి "సొలిసిటర్ కోర్సు" అని మాత్రమే చెప్పాను, మిగతా మాట మింగేశాను.

నాంపల్లి_నల్లకోటు
ఆ బెయిలు వాదన బాగా చూశావు తల్లీ. మా దగ్గర అయితే ఆ నాలుగు నిమిషాలకు నలభై వాయిదాలు పట్టేవి.

ఐదో_ఏడు
ఇవాళ శుక్రవారం కదా. చదువుకోకుండా ఇక్కడ ఏమి చేస్తున్నావు?

తెనాలి_టు_లీడ్స్
వీలునామాల అధ్యాయం మధ్యలో విరామం. పొద్దున ఒక ఎన్‌డీఏ వచ్చింది, చిన్నదట. సోమవారం చూస్తానని రాశాను. పంపే ముందు వ్యాఖ్యలు ఏమైనా మిగిలాయేమోనని రెండుసార్లు చూసుకున్నాను.